ఊపిరికి ఎన్ని మార్కులు?

ఉబ్బసం గంటకొక తీరుగా ఉండే వ్యాధి. భృతికి అర్హత తేల్చే వైద్య పరీక్ష మాత్రం ఒక పూటలో ముగిసిపోతుంది. ఈ రెంటి నడుమ చిక్కుకున్న రోగికి న్యాయం జరిగేదెలా?

ఉబ్బసం రోగికి ఇరవై నాలుగు గంటలలోనూ గడవడం కష్టమయ్యేది తెల్లవారుజాము. అర్ధరాత్రి దాటిన తరువాత శ్వాసనాళాలు క్రమక్రమంగా ముడుచుకుంటూ, నాలుగు గంటల ప్రాంతాన మరీ ఇరుకైపోతాయి. రోగి ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు. రెండు చేతులూ మంచంపట్టెకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ, ప్రతి శ్వాసనూ పిల్లికూతలతో బయటికి నెడతాడు. తెల్లవారి పొద్దెక్కేసరికి ఆ ఉద్ధృతి తగ్గుతుంది. పదిగంటల వేళ స్నానం ముగించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అతడు వీధిలోకి వస్తే, ఎదురింటివారి కంటికి పూర్తి ఆరోగ్యవంతుడు.

ప్రభుత్వ కార్యాలయాలు తలుపులు తెరిచేదీ ఆ పదిగంటలకే.

ఇప్పుడు ఆ రోగి అశక్తతా భృతి కోసం దరఖాస్తు పెట్టుకున్నాడనుకోండి. అతనికి పనిచేసే శక్తి ఉన్నదా, సాయం అవసరమా అని తేల్చవలసిన అధికారి అతడిని చూసేది పగటివేళ. కుర్చీలో కూర్చున్న మనిషి ఆయాసం లేకుండా జవాబులు చెబుతున్నాడు. కాగితం మీద ఏమి రాయాలి? కనబడినదా? కనబడనిదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో 26 కోట్ల 20 లక్షల మంది ఉబ్బసంతో బాధపడ్డారు. 4 లక్షల 55 వేల మంది దానివల్ల మరణించారు. రోగులలో అధిక సంఖ్యాకులు సరైన మందులు వాడుతూ ఉద్యోగాలు చేసుకోగలరు, ఆటలాడగలరు. వారికి భృతులతో పని లేదు. మందులకు లొంగని తీవ్ర ఉబ్బసంతో జీవితమే తలకిందులైన వారు కొద్దిమంది. వారి విషయంలో న్యాయమైన పరీక్ష ఎలా ఉండాలన్నదే ఇక్కడి ప్రశ్న. దీనికి జవాబు వెతకడానికి బ్రిటన్ అనుభవం ఉపకరిస్తుంది. అశక్తతను మార్కులతో కొలిచే పద్ధతిని అక్కడ ఎంతో విస్తృతంగా అమలు చేశారు. అందులోని మంచిచెడ్డలు చట్టాలలోనూ, న్యాయస్థానాల తీర్పులలోనూ నమోదై ఉన్నాయి.

ఊపిరిని కొలిచినవారు

ఉబ్బసం వచ్చిపోయే జబ్బు అన్నది కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో సర్ జాన్ ఫ్లాయర్ అనే వైద్యుడు 1698లోనే ఈ వ్యాధి గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. ఆయన స్వయంగా ఉబ్బసం రోగి. విడవకుండా పట్టి ఉండే ఆయాసం వేరు, విడతలు విడతలుగా వచ్చే ఆయాసం వేరు అని ఆయన నాడే విడదీసి చెప్పాడు.

ఊపిరిని అంకెలలోకి దింపినవాడు జాన్ హచిన్సన్. 1846లో ఆయన తన స్పైరోమీటరు పరికరంతో రెండువేల మందికి పైగా మనుషుల ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచి ఫలితాలు ప్రచురించాడు. జీవితబీమా సంస్థలకు ఈ కొలత అక్కరకు వస్తుందని ఆయన ఆశించాడు. అంటే ఊపిరిని కొలవడం మొదలైన నాడే దానితో రూకల లెక్క ముడిపడింది.

అయితే స్పైరోమీటరు చెప్పేది ఆ క్షణపు కథ. ఉబ్బసం తగ్గి ఉన్న వేళ ఊదితే అంకె మామూలుగానే ఉండవచ్చు. ఆ అంకె చూసి జబ్బు లేదనడం సాహసమవుతుంది. ఈ లోపాన్ని చాలవరకు పూడ్చినది 1959లో మార్టిన్ రైట్ తన సహచరుడితో కలిసి లోకానికి పరిచయం చేసిన పీక్ ఫ్లో మీటరు. ఒక్కసారి బలంగా ఊదితే గాలి ఎంత వేగంతో బయటికి వచ్చిందో అది చెబుతుంది. తరువాతి కాలంలో అరచేతిలో ఇమిడే చిన్న నమూనాలు వచ్చాయి. రోగి ఇంటిలోనే ఉదయం, సాయంత్రం ఊది అంకెలను పుస్తకంలో రాసుకోవచ్చు. నెల తిరిగేసరికి ఆ అంకెలు కొండలు, లోయలుగా ఒక గీత గీస్తాయి. ఉబ్బసం అసలు రూపం కనబడేది ఆ గీతలోనే.

యాభై మీటర్ల గీత

బ్రిటన్‌లో 2008 అక్టోబరులో వర్క్ కేపబిలిటీ అసెస్‌మెంట్ అనే పరీక్ష అమలులోకి వచ్చింది. జబ్బు కారణంగా పనిచేయలేని వారికి ఇచ్చే భృతికి ఇది ద్వారం. దానిలో జబ్బు పేరుకు మార్కులు లేవు. మనిషి ఏ పని చేయలేడో దానికే మార్కులు. మొత్తం 15 వస్తే అర్హుడు. తరువాత సవరించిన నియమాల ప్రకారం, ఆగకుండా 50 మీటర్లకు మించి కదలలేనివారికి ఒక్క దెబ్బతో 15 మార్కులు వస్తాయి. హద్దు 100 మీటర్లయితే 9, 200 మీటర్లయితే 6.

2013 ఏప్రిల్‌లో పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ అనే మరొక పథకం మొదలైంది. దాని మూడు ముందక్షరాలను కలిపి అక్కడివారు ‘పిప్’ అంటారు. 1992 నుంచి ఉన్న పాత వైకల్య భృతికి బదులుగా పనిచేసే వయస్సు వారి కోసం దీనిని తెచ్చారు. ఉద్యోగం చేసేవారూ దీనికి దరఖాస్తు పెట్టవచ్చు. ఇందులో పన్నెండు పనులను పరిశీలిస్తారు: వంట, తిండి, స్నానం, దుస్తులు ధరించడం, మందుల నిర్వహణ వంటి దైనందిన కార్యాలు పది, రాకపోకలకు సంబంధించినవి రెండు. ఒక్కొక్క భాగంలో 8 మార్కులు వస్తే సాధారణ భృతి, 12 వస్తే హెచ్చు భృతి. పరీక్షించేవారు వైద్యులే కానక్కరలేదు. నర్సులు, ఫిజియోథెరపిస్టులు కూడా ఆ పని చేస్తారు. ఇచ్చిన జవాబులతో పాటు, వేచి ఉన్న గది నుంచి మనిషి ఎలా నడిచి వచ్చాడన్నదీ నివేదికలో చేరవచ్చు.

ఈ పద్ధతి ఉబ్బసం రోగికి ఎక్కడ తగులుతుందో చూడండి. కాలు లేని మనిషికి సోమవారమైనా, శుక్రవారమైనా కాలు లేదు. ఉబ్బసం ఉన్న స్త్రీ సోమవారం అంగడి దాకా నడిచి వెళ్లి కూరలు తెచ్చుకోగలదు. మంగళవారం ఎదురింట పోపు ఘాటు తగిలిందా, చలిగాలి వీచిందా, మెట్లు దిగడమే గగనమవుతుంది. ‘మీరు యాభై మీటర్లు నడవగలరా?’ అన్న ప్రశ్నకు ఆమె ‘నడవగలను’ అంటే అది నిజం. ‘నడవలేను’ అన్నా నిజమే. ప్రశ్నపత్రంలో ఆమె మంగళవారానికి చోటు ఉన్నదా అన్నదే చిక్కు.

నాలుగు మాటల బలం

ఆ చోటు చట్టంలో ఉన్నది. పిప్ నియమావళి ప్రకారం ఒక మనిషి ఒక పని చేయగలడని రాయాలంటే నాలుగు నిబంధనలు నెరవేరాలి. ఆ పనిని అపాయం లేకుండా చేయగలగాలి. ఆమోదించదగినంత సవ్యంగా చేయగలగాలి. అవసరమైనన్ని సార్లు మళ్లీ మళ్లీ చేయగలగాలి. సముచితమైన వ్యవధిలో ముగించగలగాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పని చేతనైనట్లు లెక్క కాదు.

ఉబ్బసం రోగికి ఈ నాలుగు మాటలూ నాలుగు కవచాలు. ఒకసారి మెట్లెక్కి, తరువాత అరగంట కూలబడవలసి వస్తే అది ‘మళ్లీ మళ్లీ’ చేయగలగడం కాదు. వేడినీటి ఆవిరికి ఊపిరి బిగుసుకుపోయే మనిషి తలుపు గడియ వేసుకుని ఒంటరిగా స్నానం చేయడం ‘అపాయం లేకుండా’ చేయడమేనా అని అడగవలసి ఉంటుంది.

అపాయమంటే ఎంత అపాయం? దీనిపై వివాదం రేగింది. హాని జరిగే అవకాశం జరగని అవకాశం కన్నా ఎక్కువగా ఉంటేనే అపాయమని ప్రభుత్వ శాఖ వాదించింది. 2017 మార్చిలో అక్కడి అప్పర్ ట్రిబ్యునల్‌లో ముగ్గురు న్యాయమూర్తులు ఈ వాదాన్ని తోసిపుచ్చారు. వారి ముందుకు వచ్చిన కేసులలో మూర్ఛరోగం ఉన్నవారివి కూడా ఉన్నాయి. హాని ఎంత తరచుగా జరగవచ్చునన్న దానితో పాటు, జరిగితే ఎంత ఘోరంగా ఉంటుందన్నదీ తూచాలని, ఉపేక్షించడానికి వీలులేని వాస్తవమైన ప్రమాదం ఉంటే చాలునని వారు తీర్పు చెప్పారు. ఎప్పుడు వస్తుందో తెలియని, వస్తే ప్రాణం మీదికి తెచ్చే వ్యాధులన్నింటికీ ఈ సూత్రం ఊరట.

రోజుల లెక్కకు కూడా నియమం ఉన్నది. పరీక్ష జరిగిన రోజును కాక, మొత్తం పన్నెండు నెలల కాలాన్ని చూడాలి. ఆ కాలంలో సగం కన్నా ఎక్కువ రోజులు ఇబ్బంది ఉంటే మార్కులు ఇవ్వాలి. రోజులో కొంత భాగమే అయినా, ఆ ఇబ్బంది నామమాత్రం కాకపోతే, ఆ రోజు మొత్తం లెక్కలో చేరుతుంది.

మరి కాగితం మీద ఇంత సవ్యంగా ఉంటే బాధ ఎక్కడ? నియమం చదివినవారికీ, గదిలో కూర్చుని మనిషిని చూసినవారికీ మధ్య ఉన్న దూరంలోనే ఉన్నది. పిప్ వివాదాలలో ట్రిబ్యునల్ విచారణ దాకా వెళ్లిన కేసులలో సగానికి పైగా దరఖాస్తుదారులకు అనుకూలంగానే ముగుస్తూ వచ్చాయి. ఆ విచారణ దాకా ఓపిక పట్టగలిగినవారి సంగతి అది. ఊపిరి అందని మనిషికి ఓపిక ఎంతని?

‘స్వల్పం’ అనే మాట

జబ్బు తీవ్రతను ఒకేసారి చూసి ‘స్వల్పం’, ‘మధ్యమం’ అని చీటీ అంటించడంలోని ముప్పును బ్రిటన్‌లోనే మరొక నివేదిక బయటపెట్టింది. ఉబ్బసం మరణాలపై జరిగిన జాతీయ సమీక్షను అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2014 మే నెలలో ప్రచురించింది. 2012 ఫిబ్రవరి నుంచి ఒక ఏడాదిలో సంభవించిన 195 మరణాలను అందులో క్షుణ్ణంగా పరిశీలించారు.

తీవ్రతను అంచనా వేయగలిగిన వారిలో సగానికి పైగా స్వల్ప లేదా మధ్యమ స్థాయి ఉబ్బసానికి చికిత్స పొందుతున్నవారే. 45 శాతం మంది వైద్యసహాయం కోరకుండానే, లేదా అత్యవసర చికిత్స అందకముందే కన్నుమూశారు. తక్షణ ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ల వివరాలు దొరికిన 165 మందిలో 65 మందికి చనిపోవడానికి ముందటి ఏడాదిలో పన్నెండుకు మించి రాసి ఇచ్చారు. నెలకొక ఇన్‌హేలరు ఖాళీ అవుతున్నదంటే జబ్బు అదుపు తప్పినట్లే. ఆ సాక్ష్యం మందుల చీటీలలోనే ఉన్నది, చదివినవారు లేకపోయారు.

ఇది చికిత్స గురించిన నివేదికే గాని భృతుల గురించినది కాదు. అయినా అది నేర్పే పాఠం రెండుచోట్లా ఒకటే. ఉబ్బసాన్ని ఒక రోజు ముఖం చూసి తూచకూడదు. దాని ఏడాది చరిత్రను చదవాలి.

పిండిధూళిలో దొరికిన సాక్ష్యం

వ్యాధి హెచ్చుతగ్గులను ప్రభుత్వం చదవలేదా అంటే, చదవగలదు. అందుకు రుజువు బ్రిటన్‌లోనే ఉన్నది. వృత్తివల్ల వచ్చే ఉబ్బసాన్ని అక్కడ 1982లో పరిహారం ఇవ్వదగిన వృత్తిరోగాల జాబితాలో చేర్చారు. రొట్టెల బట్టీలలో పిండిధూళి, రంగులు చల్లే కార్ఖానాలలో ఐసోసయనేట్లు, టంకం వేసేచోట రజనం పొగ, ప్రయోగశాలలలో జంతువుల రోమాలు ఇందుకు కారణాలుగా గుర్తించారు. అశక్తత 14 శాతమని తేలితే ఈ పరిహారానికి అర్హత వస్తుంది.

ఈ జబ్బును నిర్ధారించే తీరు గమనించదగినది. కార్మికుడు కొన్ని వారాలపాటు రోజుకు కనీసం నాలుగుసార్లు పీక్ ఫ్లో మీటరులో ఊది అంకెలు రాస్తాడు. పనిదినాల అంకెలను సెలవు దినాల అంకెలతో పోల్చి చూస్తారు. పనికి వెళ్లిన రోజులలో గీత కిందికి దిగి, సెలవులలో పైకి లేస్తే దోషం పనిచోటిదే.

ఇక్కడ ఆదివారం ఆ మనిషి హాయిగా ఉన్నాడన్నది అతనికి వ్యతిరేక సాక్ష్యం కాలేదు. అదే అతని జబ్బుకు ప్రబల నిదర్శనమైంది. ఒక గదిలో రోగిని అనుమానించడానికి కారణమైన హెచ్చుతగ్గులే మరొక గదిలో అతని పక్షాన నిలిచాయి. తేడా జబ్బులో లేదు. చూసిన వ్యవధిలో ఉన్నది.

ఖజానా వైపు నుంచి

ప్రభుత్వం వైపు వాదాన్ని కూడా ఆలకించాలి. భృతికి ఇచ్చేది ప్రజల సొమ్ము. ఉబ్బసం అన్న పేరు ఉన్నంత మాత్రాన అందరికీ ఇస్తే, నిజంగా మంచం పట్టినవారి వాటా తగ్గిపోతుంది. జబ్బు పేరును విడిచి, మనిషి చేయగల పనులను చూడాలన్న సిద్ధాంతంలో తప్పు లేదు. తక్కువ సమయంలో ఎక్కువమందిని పరీక్షించవలసిన ఉద్యోగి ఇబ్బందీ కాదనలేనిది.

బ్రిటన్ ఇప్పటికీ ఈ ముడి విప్పే యత్నంలోనే ఉన్నది. వర్క్ కేపబిలిటీ అసెస్‌మెంట్‌ను రద్దు చేయదలచినట్లు 2025 మార్చిలో ప్రభుత్వం ప్రకటించింది. పిప్ అర్హతను కఠినం చేసే ప్రతిపాదనకు మాత్రం స్వపక్ష సభ్యులే ఎదురు తిరగడంతో, అదే ఏడాది జూలైలో దానిని బిల్లు నుంచి తొలగించి, మంత్రి స్టీఫెన్ టిమ్స్ ఆధ్వర్యంలోని సమీక్షకు వదిలింది.

మన దేశంలో

ఏటా మృగశిర కార్తె ప్రవేశించే వేళ చేపమందు కోసం హైదరాబాదులో బారులు తీరే జనాన్ని చూస్తే, మన దేశంలో ఊపిరి బాధ ఎంత విస్తారమో తెలుస్తుంది. ఆ మందు గుణమిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. ఆ జనం పడే బాధకు మాత్రం వేరే రుజువు అక్కరలేదు.

మన చట్టం దారి వేరు. ఇక్కడ మొదట జబ్బు పేరు జాబితాలో ఉండాలి. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండగా, 2016లో ఆమోదం పొంది 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్సన్ వ్యాధి అందులో చేరాయి. ఉబ్బసం చేరలేదు. జాబితాలో ఉన్నవారికైనా 40 శాతం వైకల్యం ఉన్నదని వైద్యులు ధ్రువీకరిస్తేనే ముఖ్యమైన సౌకర్యాలు లభిస్తాయి. తెలుగునాట సదరం శిబిరాల ముందు వరుసలలో నిలబడినవారికి ఈ 40 అంకె విలువ బాగా తెలుసు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారుల వైకల్యాన్ని మళ్లీ పరిశీలించినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆందోళన రేగినదీ ఆ అంకె గురించే.

ఊపిరితిత్తుల జబ్బుకు మన చట్టాలలో తావే లేదనడం కూడా సరికాదు. ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది. 2025 దాకా అమలులో ఉన్న ఆ చట్టపు వృత్తిరోగాల పట్టికలో పత్తి, జనుము వంటి నారల ధూళివల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధులు ఉండేవి. జిన్నింగు మిల్లులోనో, నూలు మిల్లులోనో పనిచేసి ఆయాసం తెచ్చుకున్న కార్మికుడు ఈ సంగతి తెలుసుకుని ఉండడం మేలు.

ఏనాడైనా మన జాబితాలో తీవ్ర ఉబ్బసాన్ని చేర్చే ఆలోచన వస్తే, బ్రిటన్ అనుభవం నుంచి గ్రహించవలసినది ఒకటున్నది. పేరు చేర్చడంతో పని ముగియదు. శిబిరంలో ఒక్కసారి ఊదించి శాతం వేసే పద్ధతి ఈ జబ్బుకు పనికిరాదు.

రోగి చేతిలో ఉన్నది

చట్టాలు మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ఏ దేశంలోనైనా, భృతికైనా, సెలవు దరఖాస్తుకైనా, ఉద్యోగంలో తేలికపాటి పని కోరడానికైనా, ఉబ్బసం రోగికి అండగా నిలిచేది అతడు స్వయంగా కూడబెట్టిన సాక్ష్యమే.

పీక్ ఫ్లో అంకెలను తేదీలతో సహా రాసుకోండి. రాత్రి ఎన్నిసార్లు మేలుకొన్నదీ, ఏ పని మధ్యలో ఆపవలసి వచ్చినదీ, తేరుకోవడానికి ఎంతసేపు పట్టినదీ ఒక్కొక్క వాక్యంలో నమోదు చేయండి. మందుల చీటీలు, ఆసుపత్రిలో చేరి వచ్చిన కాగితాలు పారవేయకండి. నెబ్యులైజరు పెట్టించుకున్న రోజులు, స్టీరాయిడ్ మాత్రలు మింగిన రోజులు గుర్తుపెట్టుకోండి. ఇన్‌హేలరు అలవాటైపోతుందన్న భయంతో వైద్యుడు చెప్పిన మందు మానకండి. అది ప్రాణానికీ చేటు, సాక్ష్యానికీ చేటు.

పరీక్షించేవారి ఎదుట ‘ఏదో, బాగానే ఉన్నానండీ’ అనకండి. మర్యాదకు అనే ఆ మాట కాగితం మీదికి ఎక్కితే రోగనిర్ణయమై కూర్చుంటుంది. ‘నడవగలరా?’ అని అడిగితే, ఎంత దూరం, ఎన్నిసార్లు, నడిచాక ఏమవుతుంది, నెలలో ఎన్ని రోజులు అలా ఉంటుంది అన్నవి కలిపి జవాబు చెప్పండి. మంచిరోజును దాచవద్దు, చెడ్డరోజునూ దాచవద్దు. రెండూ చెప్పినప్పుడే మాటకు నమ్మకం కలుగుతుంది.

పరీక్షించేవారు చేయవలసినది కూడా కష్టమైనదేమీ కాదు. ‘ఈ రోజు ఎలా ఉన్నారు?’ అని అడిగి ఊరుకోకుండా, ‘నిన్న రాత్రి ఎలా గడిచింది? పోయిన నెల ఎలా గడిచింది?’ అని మరి రెండు ప్రశ్నలు అడిగితే చాలు. రోగి తెచ్చిన అంకెల పుస్తకాన్ని తెరిచి చూస్తే చాలు. ఊపిరి ఒక్క పూటలో కొలిచేది కాదు. దానికి తగిన కొలబద్ద క్యాలెండరు.